కాలీ మెహందీ

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. హాల్లో పెద్దబాపు వెంకట్రావ్, ఆయన తల్లి లీలాబాయి అవ్వ, కొత్త చొక్కా వేసుకుని ఫోన్ చూసుకుంటున్న ఆయన కొడుకు శుభం అన్న. వంటింట్లో నేను. వెనక అర్రలో, కిటికీ మూసుకుని, మా అమ్మకు అక్క అయిన ఉమాబాయి పెద్దమ్మ. పదకొండింటికి ధర్మాబాద్ నుంచి శుభం అన్నకు పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లు అడిగితే పెద్దమ్మ తుల్జాపూర్ దేవి గుడికి పోయిందని చెప్పాలి. పొద్దున్నే పెద్దబాపు అలా తేల్చేశాడు.

పెద్దమ్మ ముఖం ఆ పొద్దుటికి గుర్తు పట్టేలా లేదు. కళ్లు రెండూ వాచి గీతల్లా మిగిలాయి. నుదురు ఉబ్బింది. పాపిట పొడవునా, చెవుల వెనకా చిన్న పొక్కులు చితికి నీరు కారుతోంది. అదంతా నా చేతుల మీదుగానే జరిగింది.

పెద్దమ్మ తలకు రంగు పడదు. సీసా రంగు రాసిన ప్రతిసారీ నాలుగు రోజులు కొబ్బరినూనె అద్దుకుంటూ, చేతులు తలకు పోకుండా పనిలో పెట్టుకుంటూ తిరుగుతుంది. మూడు నెలల కింద మాడు పుండైతే ఇక చాలని మానేసింది. పాపిట పక్కన రెండు వేళ్ల వెడల్పున తెల్లదనం పెరిగింది. అప్పుడే ఈ సంబంధం వచ్చింది.

"పిల్ల తల్లి ముందుగాల అత్తనే చూస్తది," అన్నాడు పెద్దబాపు అన్నం దగ్గర. "తలకాయ గిట్ల తెల్లగుంటే, మా బిడ్డ ముసల్దానికి చాకిరి చేసుకుంటనే సచ్చిపోతది అనుకుంటది."

ఆ మాట అన్న మనిషి తల పత్తిలా ఉంది. ఆయన పళ్లెంలో రెండో రొట్టె వేస్తున్నది పెద్దమ్మే. ఐదింటికి లేచి నీళ్లు పట్టేది, అవ్వకు స్నానం చేయించేది, టిఫిన్ డబ్బాలు కట్టేది, మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మా బట్టల దుకాణంలో జాకెట్ గుడ్డల దగ్గర కూర్చునేది కూడా పెద్దమ్మే. ఈ ఇంట్లో చాకిరి చేయించుకునే వాళ్లలో ఆమె ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. అడగాలనిపించింది. అడగలేదు. నేను ఏదీ అడగను.

అడగకుండా ఏదో చేద్దామనుకున్నాను. వజీరాబాద్ బజార్లో కాలీ మెహందీ, అంటే తలకు రాసే నల్ల గోరింటాకు పొడి, ప్యాకెట్ కొన్నాను. మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. మెహందీ అంటే తలకు చలువ అనుకున్నాను. మా ఊరు ఇస్లాపూర్‌లో అమ్మ గోరింటాకు నూరి పెడితే తెల్లారేదాకా ఉంచుకున్నా ఎర్రగానే పండేది. ఇది అరగంటలో నల్లగా ఎలా పండుతుందన్న ఆలోచనే రాలేదు. శనివారం పొద్దున నేనే కలిపి, పాయలు తీసి, చేయి అందని వెనక భాగమంతా రాశాను. "సల్లగున్నది బిడ్డా," అంది పెద్దమ్మ. ఎంత పొంగిపోయానో.

ఆదివారం చెత్తడబ్బాలోంచి ప్యాకెట్ తీసి వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివాను. పెద్దమ్మకు పడని సీసా రంగులో ఉన్న మందే ఇందులోనూ ఉంది. చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు ఆగి చూడమని కూడా ఉంది. బళ్లో అందరికీ చదివి వినిపించేదాన్ని, అది మాత్రం ముందే చదవలేదు.

"డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం," అన్నాను.

"వాళ్లు పోనీ. సాయంత్రం చూద్దాం," అన్నాడు పెద్దబాపు.

"సుమన ముందట నోరు జారేవు," అంది అవ్వ. సుమన అంటే పిల్ల తల్లి. అంతలోనే అవ్వ నవ్వింది. "దీనికి నోరే లేదు, జారేదేంది?"

శుభం అన్న కూడా నవ్వాడు. కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. స్టవ్ ముందు నిలబడితే వెనక అర్ర వైపు కాలు పోతోంది, అటు పోతే మళ్లీ వంటింట్లోకి వస్తున్నాను. అమ్మతో కొట్లాడి నన్ను పదకొండో తరగతికి ఈ ఇంటికి తెచ్చింది పెద్దమ్మ. నా వల్ల సంబంధం చెడితే పెద్దబాపు మర్నాడే నన్ను ఇస్లాపూర్ బస్సెక్కిస్తాడు. నా కాలేజీ అక్కడితో సరి.

వాళ్లు వచ్చారు. పిల్ల తండ్రి, సుమన. అటుకుల పోహా పళ్లేలు పెట్టి తలుపు పక్కన నిలబడ్డాను.

"వైనీ ఏది, కనవడుతలేదు?" అంది సుమన, పెద్దమ్మను వదిన వరస చేసి.

"తుల్జాపూర్ పోయింది. మొక్కున్నది," అన్నాడు పెద్దబాపు.

"పిల్లగాని తల్లి ఇయ్యాలనే పోయిందా? దేవికి గింత తొందరేందో!"

అందరూ నవ్వారు. పెద్దబాపు అందరికన్నా గట్టిగా నవ్వాడు. సుమన మాత్రం మంచినీళ్లని చెప్పి నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"పోహా నువ్వే చేసినవా బిడ్డా?"

తలూపాను.

"మీ పెద్దమ్మ ఉంటే ఎవలు చేస్తరు?"

"పెద్దమ్మే."

"బట్టలు?"

"పెద్దమ్మే."

"ముసలమ్మకు తానం?"

నీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చాను. సుమన తాగకుండానే గ్లాసు పక్కన పెట్టింది. "మా బిడ్డ కాజల్‌కు గుడ నీ లెక్కనే మాట తక్వ. గందుకే అడుగుతున్న. మీ పెద్దమ్మ ఎప్పుడొస్తది?"

రేపు అనాలి. పొద్దుటి నుంచి ఆ మాటనే మనసులో తిప్పుకుంటున్నాను. కానీ ఎన్నడూ చూడని కాజల్ ఈ వంటింట్లో ఇదే గట్టు దగ్గర నిలబడి, ఎవరూ ఏమీ అడగక, తానూ ఏమీ అడగక, ఒకనాటికి తలకు రంగు కలుపుకుంటున్నట్టు అనిపించింది.

"పోలేదు," అన్నాను. "వెనక అర్రల ఉన్నది."

సుమన నాకన్నా ముందే నడిచింది. మమ్మల్ని చూసి పెద్దమ్మ చెంగు ముఖం మీదికి లాక్కుంది.

"అయ్యో వైనీ, ఏమాయె?"

"రంగు పడలే."

"పడంది ఎందుకేసుకున్నవ్?"

"మీరొస్తున్నరని."

హాల్లోంచి పెద్దబాపు కేక వేశాడు. "పోరీ, చాయ్ ఏదే?" నేను గడప దగ్గరే ఉండిపోయాను. సుమన మంచం అంచున కూర్చుని గొంతు తగ్గించింది.

"నేను పిల్ల తల్లిని. ఒక్కటే అడుగుత. మా కాజల్‌ను ఈ ఇంటికి ఇయ్యాల్నా?"

పెద్దమ్మ వాపు సందులోంచి నా వైపు చూసింది. కోపమో, భయమో ఆ కళ్లలో తెలియలేదు. తర్వాత ముఖం మీది చెంగు తనే తీసేసింది.

"ఇట్ల దగ్గరికి జరుగు, చెల్లె. దినాం పొద్దుగాల లేసిన కాడికెల్లి చెప్త."

సుమన లేచి వచ్చి, నా ముఖం మీదే తలుపు వేసింది.