పదోరోజు తడి

వంటింటి గట్టు మళ్లీ తడిసి ఉంది. శివలీల గుడ్డతో తుడిచింది, గుడ్డ పిండింది, మళ్లీ తుడిచింది. కర్నూలు పక్కన ఈ కల్లూరులో మే నెల ఎండకు పొద్దున ఆరేసిన చీర లోపలికి వెళ్లి వచ్చేలోపు ఆరిపోతుంది. అలాంటి చోట నల్లటి కడప బండకు చెమట పట్టడమేమిటి, చోద్యం కాకపోతే! పైపు లీకేమోనని ప్లంబర్‌ని పిలిపిస్తే అతను గట్టు కింద టార్చి వేసి చూసి, "ఈడ పైపే లేదు కదక్కా" అని నవ్వుకుంటూ పోయాడు. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ తడిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా తగిలింది. ఉప్పు డబ్బా ఒలికి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది గానీ ఒళ్లు జలదరించింది. ఇరవై ఆరేళ్ల వయసులో, ఓడ మీద నిలబడినప్పుడు పెదాల మీద పేరుకున్న రుచి అది.

అవును, ఓడే. చపాతీ పిండి కలుపుతున్న ఈ మనిషి సముద్రశాస్త్రంలో డాక్టరేట్ అంటే ఈ వీధిలో ఎవరూ నమ్మరు, ఇంట్లో వాళ్లకు గుర్తుండదు. పెళ్లయిన కొత్తలో హైదరాబాదులో ఉద్యోగం ఉండేది. సముద్రంలో తేలే యంత్రాలు పంపే లెక్కలు చదివే పని. నిలువెత్తు పసుపు గొట్టాలవి. రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పదిరోజులకోసారి పైకి వచ్చి, నీటి వేడి ఎంత, ఉప్పు ఎంత అని ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునిగిపోతాయి. "హైదరాబాదులో మాత్రం సముద్రం యాడుండాది? ఆ పని ఈడ కూచోని చేసుకోరాదా?" అన్నాడు మొగుడు మునీంద్ర. అప్పటికి కడుపులో హర్షిణి. సరేనని వచ్చేసింది. అలా వచ్చేసినందుకు ఆమెకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

మునీంద్రకు సొంత కన్సల్టెన్సీ ఉంది. కరువొస్తే ఏం చేయాలి, ఏ వారంలో ఏ విత్తనం పంచాలి అని జిల్లాలకు ప్రణాళికలు తయారుచేసి ఇస్తాడు. "కొంచెం ఈ వాన లెక్క చూసిపెట్టు" అని మొదలైంది. ఆ కొంచెం నాలుగేళ్లయింది. పప్పు పొయ్యి మీద పెట్టి, హర్షిణికి ఎక్కాలు చెప్పి, భోజనాల బల్ల మీద ఊరగాయ జాడీ పక్కకు జరిపి, అక్కడ హిందూ మహాసముద్రాన్ని పరుచుకునేది. ప్రణాళిక అట్ట మీద మాత్రం 'మునీంద్ర, బృందం' అని పడేది. ఆ బృందంలో ఎవరెవరున్నారో ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే వాళ్లందరి పనీ ఆమే చేసింది. "నా పేరు కూడా వేయొచ్చుగా" అని ఒకసారి అడిగింది. "మొగుడూ పెళ్లాల పేర్లు పక్కపక్కన వేస్తే అది ప్రణాళికా, పెళ్లి కార్డా?" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చిన పెద్దమనుషులంతా పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వి లోపలికి వెళ్లి కాఫీ కలిపింది.

ఈ ఏడాది ఇంటర్నెట్‌లో ఆ యంత్రాల లెక్కలు చూసి శివలీలకు గుండె జారింది. భూమధ్యరేఖ దగ్గర సముద్రం కాగిపోతోంది. అక్కడ నీళ్లు అంత వేడెక్కితే మబ్బులు అక్కడే కురిసిపోతాయి, మనదాకా వచ్చేది ఉత్త గాలి. జూన్ మొదట్లో ఒక మంచి వాన పడుతుంది. ఆ తర్వాత అయిదు వారాలు చుక్క ఉండదు. కానీ మృగశిరలో వాన పడితే సీమలో ఏ రైతు చేతులు కట్టుకుని కూర్చుంటాడు? ప్రభుత్వం ఇచ్చిన వేరుశనగ విత్తనం ఆ పదునులోనే భూమిలో పడుతుంది, మొలకెత్తుతుంది, ఇరవై రోజులకు మాడిపోతుంది. విత్తనం జూలైలో ఇవ్వాలి, మొదటి వానకు ఇవ్వకూడదు అని పన్నెండు పేజీలు రాసింది.

మునీంద్ర ఆ పన్నెండు పేజీలూ తీసేశాడు. వాళ్ల ఆఫీసు పద్ధతే అంత. పోయినేటి ఫైలు తెరవడం, ఏడాది అంకె మార్చడం, సేవ్ చేయడం. 'విత్తన పంపిణీ: జూన్ మొదటి వారం' అన్న వాక్యం ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది.

"ఇది తప్పండీ. రైతులు మునిగిపోతారు."

"కరువు జిల్లా మీటింగులో సముద్రం గురించి మాట్లాడితే నవ్వుతారు శివా. ఇత్తనాలకు లారీలు గూడా మాట్లాడేసినారు. నువ్వు ఊరికే మనసు పాడు చేసుకోవద్దు."

ఇదిలా ఉండగా ఇంకో సంగతి. ఆమె ఓడ మీదినుంచి తన చేతులతో నీళ్లలోకి దించిన యంత్రం ఒకటుంది. బ్యాటరీ అయిపోయి నాలుగేళ్ల కిందటే మూగబోయింది. అది మార్చి నుంచి మళ్లీ మాట్లాడుతోంది. హైదరాబాదులో పాత స్నేహితురాలు ప్రేమజ్యోతికి ఫోన్ చేస్తే, "చచ్చినదానికి సిగ్నల్ ఎట్లా వస్తుందే? పాత రికార్డు అయ్యుంటుంది" అంది. తేదీలు చూసి తనే చల్లబడిపోయి, "దాన్ని లెక్కలో కలపొద్దు" అని ఫోన్ పెట్టేసింది. శివలీల కలపలేదు. బతికున్న యంత్రాలు నలభై ఉన్నాయి, అవన్నీ అదే మాట చెబుతున్నాయి, దీని సాక్ష్యం అక్కర్లేదు. కానీ క్యాలెండర్ ముందు నిలబడి చూసుకుంటే తను గట్టు మీద తడి చూసిన ప్రతి రోజూ అది పైకి తేలిన రోజే. అది తేలేది సరిగ్గా పదిరోజులకోసారి.

తేదీ చూసుకుని ఆ పదోరోజు అయిదింటికే లేచింది. వంటింట్లో అప్పటికే లైటు వెలుగుతోంది. అత్త వరమ్మ పాత చీరపేలికతో గట్టు తుడుస్తోంది. కోడలిని చూసి ఉలిక్కిపడలేదు.

"నువ్వు లేచేలోపల తుడిచేస్తాండా. నువ్వు బయపడతావని."

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

"శివరాత్రి పోయినకాడ్నుంచి. ఒగోసారి నాకు మెలకువ రాదు, అప్పుడు నీ కండ్లబడతాది." వరమ్మ పేలికను తొట్టిలో పిండింది. పిండిన నీళ్లు చిక్కగా, తెల్లగా ఉన్నాయి. "ఇది మా కమలాపురం ఇంట్లో బండ. ఇల్లు కొట్టేసినప్పుడు మీ మామ గుర్తుకని తెచ్చి ఈడ ఏపిచ్చినా. ఇది తడవడం నేను ఇంతకుముందు ఒగసారి చూసినా పాపా."

"ఎప్పుడు?"

"మీ మామ పోయిన ఏడు. మిరుగులో వాన బాగా పడె. చెనిక్కాయ ఇత్తినాం. మళ్ల గాలి లేసింది. నలబై దినాలు గాలే. మొలకలన్నీ మాడిపాయె. మీ మామ దినామూ చేనికి పోయి ఆ గాల్లో నిలబడేటోడు. ఒగదినం పోయినోడు రాలేదు." చేతులు తుడుచుకుని గట్టు మీద అరచెయ్యి ఆనించింది. "వద్దు, ఇప్పుడే ఇత్తొద్దు, బండ నీళ్లు కారుస్తాంది అని ముందే మీ మామకు చెప్తే ముసిముసిగా నవ్వినాడు. ఆడదానికి బండ చెప్పిందంట అని పదిమందికి చెప్పి నవ్వినాడు. మళ్ల నేను నోరు తెరవలేదు." కోడలి వైపు తిరిగింది. "నీ మిసన్లు ఏమంటాండాయి?"

"ఇత్తొద్దనే అంటున్నాయి అత్తా."

ఇద్దరూ నిలబడి వింటున్నారు. కిటికీలన్నీ వేసే ఉన్నాయి, అయినా ఎక్కడో దూరంగా ఏదో పెద్దది ఊపిరి తీసి వదులుతున్నట్టు బండ లోపలినుంచి చప్పుడు వస్తోంది. శివలీలకు భయం వేసింది. ఆ భయంలోనే ఇంతకాలం కాఫీలు కలుపుతూ నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి కళ్లు మండాయి.

అదే రోజు పదకొండింటికి ఆన్‌లైన్ మీటింగు. జిల్లా పెద్ద అధికారి, మండలాల వాళ్లు, విత్తనాల వాళ్లు, అందరూ తెర మీద గళ్లలో కూర్చున్నారు. మునీంద్ర హాల్లో ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "శానా ముఖ్యమైన మీటింగు. టీ తేవడం తప్ప లోపలికి ఎవరూ రావద్దండి" అని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పాడు. శివలీల పొయ్యి మీద టీ పెట్టి, తన ల్యాప్‌టాప్ గట్టు మీద తెరిచింది. లింకు ఆమె దగ్గరా ఉంది, ప్రతిసారీ ఆయన ఫైళ్లు పంపేది ఆమే కదా. పేరు అడిగిన చోట వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. 'డాక్టర్ శివలీల' అని కొట్టింది.

"మునీంద్ర గారూ, ఖరారు చేసేద్దామా? జూన్ మొదటి వారం పంపిణీ మీద సంతకం పెడుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంటోంది అధికారిణి.

"ఏమీ లేదు మేడం. సైంటిఫిక్‌గా అంతా చూసే పెట్టినాం."

శివలీల చెయ్యెత్తే గుర్తు నొక్కింది. సరిగ్గా అప్పుడే హాల్లోంచి మునీంద్ర తల తిప్పి కేకేశాడు, మైకు ఆపడం మరిచిపోయి. "ఏమే, టీ యాడ? ఎంతసేపు?"

ఆ కేక మండలాలన్నిటికీ వినబడింది. గళ్లలో ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోదామనిపించింది, నిజంగానే అనిపించింది. పొయ్యి మీద టీ పొంగుతోంది. వరమ్మ వచ్చి మంట ఆర్పి, గిన్నె దించకుండానే పీట లాక్కుని కోడలి పక్కన కూర్చుంది.

"శివలీల గారు ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి" అంది అధికారిణి.

"మేడం, మొదటి వానకు విత్తనం ఇవ్వొద్దు. ఆ తర్వాత అయిదు వారాలు వాన ఉండదు. సముద్రం లెక్కలు పన్నెండు పేజీలు ఉన్నాయి, ఇప్పుడే మీకు పంపాను. సంతకం పెట్టేముందు చదవండి. ప్రణాళికలో ఉండాల్సిన పేజీలే అవి, తీసేశారు."

హాల్లో కుర్చీ కిర్రుమంది. గుమ్మంలో మునీంద్ర నిలబడ్డాడు, ముఖం పాలిపోయి, ఆపమని చేతులతో సైగ చేస్తూ. తెర మీద అధికారిణి కలం పక్కన పెట్టి కళ్లజోడు సర్దుకుంది.

"ఒక్క నిమిషం. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారమ్మా? మునీంద్ర గారి తరఫునా?"

"కాదు మేడం," అంది శివలీల. "ఆ లెక్కలు నావి. నా తరఫునే మాట్లాడుతున్నాను, రాసుకోండి."