వీపు రుద్దే చోటు

పక్షవాతం వచ్చిన వెంకటేశప్ప ఎవరి సాయమూ లేకుండా స్నానం చేసుకునేలా నేనొక కుర్చీ తయారుచేశాను. యలహంకలో వాళ్ళ స్నానాల గదిలో దాన్ని బిగించి, ఆయన్ని కూర్చోబెట్టాను.

"ఇంక ఎవరూ రానక్కర్లేదు తాతా," అన్నాను గర్వంగా.

ఆయన మంచిగా ఉన్న చేత్తో కుర్చీ వెనక ఆనుకునే పలకను తడిమాడు. "బాగుండాదమ్మా. ఈ పలక అడ్డముంటే మా సొన్నమ్మ వీపెట్ల రుద్దుతాది?"

సీకాయ గిన్నెతో గోడ పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య తల దించుకుంది. "నాతో ఇంక పనిల్యాదనుకుంటి," అంది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇన్ని నెలలూ ఆయనొక్కడి కొలతలే తీసుకున్నాను. పలకను తలుపులా తెరుచుకునేట్టు మార్చడం చిన్న పనే. టేపు తీసుకుని సొన్నమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, మీ మోకాళ్ళు నొయ్యకుండా కూర్చుని రుద్దాలంటే పీట ఎంతెత్తుండాలి?"