కవరు తీయని కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. కోపంగా ఉన్నాను. ఇనుముకి కోపమేమిటని నవ్వకండి. నా కథ విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

పట్నం బయట ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గొట్టాలు వంచారు, అతుకులు వేశారు, చక్రాలు బిగించారు. కుడివైపు ముందు చక్రం పుట్టుకతోనే కిర్రుమనేది. చివరగా ఒక ఫిట్టరు నా మీద కూర్చుని గిర్రున ఒక చుట్టు తిరిగి, దీని మీద కూర్చోబోయేవాడు ఎవడో పాపం అన్నాడు. మనుషుల నోట నేను విన్న మొదటి దయగల మాట అది. రెండోది వినడానికి చాలా కాలం పట్టింది.

నన్ను కొన్నది ఒక డాక్టరమ్మ. చనిపోయిన తల్లి పేరు నా వీపు మీద రాయించి, సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతల ఉన్న ఒక పేటకి, అక్కడి సిలోయము ప్రార్థన మందిరానికి పంపింది. నడవలేనివాళ్లకి వాడండి అని చీటీ కూడా పెట్టింది. సంఘంవాళ్లు ఆ చీటీకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. వచ్చినవాళ్లంతా చదివి మెచ్చుకున్నారు.

క్రిస్మస్ ముందు ఆదివారం నాకు ప్రతిష్ఠ జరిగింది. తిమోతి పాస్టరు గారు నా మీద చెయ్యి ఉంచి, ప్రభువా, ఈ కుర్చీని నీ సేవకై ప్రతిష్ఠించుచున్నాము అన్నారు. నా కొంప ముంచింది ఆ మాటే.

సంఘం సెక్రటరీ జీవరత్నం మేష్టారు రిటైరైన హెడ్మాస్టరు. అబద్ధమాడరు, పొగ తాగరు, బైబిలు చేత్తో పట్టుకోకుండానే వాక్యాలు వల్లిస్తారు. ప్రార్థన మొదలుపెడితే ఇరవై నిమిషాలకి తక్కువ ఉండదు. ఆయన ఒక తీర్మానం చేశారు. ప్రతిష్ఠించిన వస్తువు ప్రాకారం దాటకూడదు. ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం పంచే గిన్నెలో ఎవరింటికైనా పప్పు పంపిస్తామా అని అడిగారు. కమిటీ తలలు ఊపింది. నన్ను ప్రసంగ పీఠం పక్కన నిలబెట్టారు. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. పండక్కి నాకు కాగితప్పూల దండ వేశారు. మూడువందల మంది సంఘంలో పూలదండతో ఖాళీగా కూర్చున్నది నేనొక్కదాన్నే.

ఆ మందిరానికి రెండు వీధుల అవతల ఏసోబు పడుకుని ఉన్నాడు. సెంట్రింగు మేస్త్రి. రెండో అంతస్తు కర్రల మీదనుంచి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. పడుకుని పడుకుని నడుముకి పైన, వీపున పుండు పడింది. అతని భార్య సువార్త మేష్టారి దగ్గరికి వచ్చి చెప్పుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లాలి, సందులోకి ఆటో రాదు, మంచంతో మోస్తే పుండు ఒరుసుకుని అరుస్తున్నాడు, కుర్చీ ఇస్తే రోడ్డుదాకా తోసుకెళతాను, తర్వాత కూడా రోజూ కాసేపు కూర్చోబెట్టమని డాక్టరు చెప్పాడు అంది. నేను ఆమెకి మూడడుగుల దూరంలో ఉన్నాను.

"అమ్మా సువార్తా, ఏసోబు పేరు ప్రతి ఆదివారం ప్రార్థనలో పెడుతూనే ఉన్నాంగా. విశ్వాసం ఉంచు తల్లీ," అన్నారు మేష్టారు.

ఆమె అలాగేనండీ అని వెళ్లిపోయింది. నెల తర్వాత మళ్లీ వచ్చింది. ఎండాకాలంలో మూడోసారి వచ్చింది. మూడుసార్లూ అదే జవాబు. ఆయన అబద్ధం చెప్పలేదు. ప్రతి ఆదివారం ఆ పేరు పెట్టారు. గొంతు వణికించి మరీ పెట్టారు. నాకు చక్రాలున్నాయి గానీ కాళ్లు లేవు. ఉంటే ఆ పూటే లేచి వెళ్లిపోయేదాన్ని.

గంట కొట్టే నయోమమ్మకి అరవై దాటాయి. మందిరం ఊడుస్తుంది, రోజూ పొద్దున్నే వెళ్లి ఏసోబుని పక్కకి తిప్పుతుంది. ఒక శనివారం నా కవరు మీద దుమ్ము తుడుస్తూ, గిన్నెలతో మాట్లాడినట్టు నాతో మాట్లాడింది. ఏసోబుకి చలిజ్వరం వచ్చిందని, పుండులో వేలు దూరుతోందని, విషమెక్కింది, రేపటికల్లా పెద్దాస్పత్రిలో ఉండకపోతే నేను చెప్పలేనని ఆరెంపీ డాక్టరు చేతులెత్తేశాడని చెప్పింది. తర్వాత నా బ్రేకు మీద చెయ్యి వేసి, అది ఎటు తిరుగుతుందో చూసుకుంది.

ఆదివారం. మందిరం నిండా జనం. ఎడమవైపు చాపల మీద ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, మధ్యన దారి. తొమ్మిదిన్నరకి మేష్టారు మైకు ముందుకొచ్చి, అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దాం అన్నారు. మూడువందల జతల కళ్లు మూతపడ్డాయి.

రెండు కళ్లు మాత్రం మూతపడలేదు.

నయోమమ్మ నా బ్రేకు తీసింది. కవరు గరగరలాడింది. ఆమె ఆగింది. మేష్టారి ప్రార్థన ఇంకా దేశాధినేతల దగ్గరే ఉంది. ఒక్కో అడుగు. ఒక్కో వరస. సగం దారిలో నా కుడి చక్రం కిర్రుమంది. దారి పక్కనే కూర్చున్న ఒక ముసలావిడ ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది. నయోమమ్మని చూసింది. ఆ కన్ను మళ్లీ మూసి, చక్రం కిర్రుమన్నప్పుడల్లా గట్టిగా "ఆమెన్" అంటూ కూర్చుంది. నేను విన్న రెండో దయగల మాట అది.

"పడకల మీదనున్న రోగులను జ్ఞాపకము చేసుకొనుము ప్రభువా," మైకు గర్జించింది. "నీ బిడ్డ ఏసోబును లేవనెత్తుము. వానిని కూర్చుండబెట్టుము."

అప్పుడు నేను గుమ్మం దగ్గర జనం విడిచిన చెప్పుల మీదుగా దిగుతున్నాను.

ఏసోబు ఇంటి దగ్గర సువార్త నా కవరు చింపేసింది. ఇద్దరాడవాళ్లూ అతన్ని ఎత్తి కూర్చోబెట్టి, జారకుండా పాత చీరతో కట్టారు. అతని ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. సందు చివరికి తోసుకొచ్చేసరికి ఎదురుగా మేష్టారు, పాస్టరు గారు, కమిటీ పెద్దలు. ఖాళీ చోటు చూసి ఆరాధన ఆపి వచ్చారు. ప్రాణం పోతోందంటే లేవనివాళ్లు కుర్చీ పోయిందంటే పరిగెత్తుకొచ్చారు.

"మందిరం సొత్తు దొంగతనం చేశావు నయోమీ. అది దేవుడిది," అన్నారు మేష్టారు.

"దేవుడిదేనని మీరన్నారు గదా మేష్టారూ," అంది ఆమె, నన్ను తొయ్యడం ఆపకుండా. "ఆయనేమో ఎనిమిది నెలలబట్టి మా వీధిలో మంచంలో ఉన్నాడు. ఆయన సొత్తు ఆయనకి అప్పజెప్పా."

జ్వరంలోనే ఏసోబు తల ఎత్తాడు. "మీ ప్రార్థన మైకులో విన్నా మేష్టారూ. కూర్చోబెట్టమన్నారుగా. కూర్చున్నా."

నా సీటు మీదికి పుండు రసం దిగుతోంది. మేష్టారు జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నారు. కాసేపు చూశారు. చూసి ఏమన్నారో తెలుసా?

"కనీసం కవరైనా ఉంచాల్సింది."

అప్పుడు పాస్టరు గారు ముందుకొచ్చారు. ఏడాదిగా కమిటీ మాటకి ఎదురు చెప్పని మనిషి. తెల్లబట్టలతోనే వంగి, చీర ముడి బిగించి, నయోమమ్మ చేతుల్లోంచి నా పిడులు అందుకుని రోడ్డుదాకా తోశారు. ఆటో ఎక్కించి తానూ ఎక్కారు. నా ప్రతిష్ఠ ఎప్పుడు జరిగిందని అడిగితే నేను ఆ పూటే అంటాను. క్రిస్మస్ ముందు జరిగింది ఉత్త ఫొటో.

ఏసోబు బతికాడు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత నా మీదే కూర్చుని పిల్లర్లకి ఇనుప రింగులు వంచాడు. నాలుగేళ్లు మోశాను. ఉప్పుగాలికి తుప్పు పట్టాను, సీటు చిరిగింది, డాక్టరమ్మ తల్లి పేరు అతని వీపు చెమటకి అరిగిపోయింది. ఆ పెద్దావిడ ఏమీ అనుకోదని నా నమ్మకం. అతనికి వేరే కుర్చీ వచ్చాక నన్ను బుజ్జిబాబు సైకిలు షాపు వెనక పాత సామాన్లలో పడేశారు.

నయోమమ్మకి గంట కొట్టే పని ఆ వారమే తీసేశారు. ఆమెకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. డాక్టరమ్మ ఈమధ్య రెండో కుర్చీ పంపిందట. దాన్నీ ప్రతిష్ఠించారట. పీఠం పక్కనే ఉందట, కవరుతో. పాస్టరు గారిని వేరే ఊరికి మార్చారు. మేష్టారి తీర్మానం ఇప్పటికీ కొట్టెయ్యలేదు. తూర్పు వీధిలో తుంటి విరిగిన ఒక ముసలమ్మ పేరు ప్రతి ఆదివారం ప్రార్థనలో పెడుతున్నారట.

నిన్న పొద్దున నయోమమ్మ షాపుకి వచ్చింది. చిన్న సీసా చాపి, నాలుగు చుక్కలు నూనె పొయ్యమంది.

"నీకు సైకిలు లేదుగా పిన్నీ, నూనె ఎందుకూ?" అన్నాడు బుజ్జిబాబు.

ఆమె నా వంక చూసింది.

"ఆదివారం పనుందిరా. పోయినసారి చక్రం కిర్రుమంది."