దుబాయ్ నుంచి ఒక చుట్ట దూరం

దుమ్ముగూడెం పక్క పల్లెల్లో దూరాన్ని చుట్టల్లో చెప్తారు. సంతకు ఒక చుట్ట కాలేంత, భద్రాచలానికి నాలుగు. అందరి చుట్టా దారిని కొలుస్తుంది గానీ భీమక్క చుట్టకు దారే లొంగుతుంది. ఆమె ఎంత చుట్ట వెలిగిస్తే దారి అంతే. అది ఆరేదాకా దారిలో ఉన్న మనిషికి ఏమీ కాదు. బస్సు డ్రైవరు పూల్‌సింగ్ వారం వారం ఆమెకు పొగాకు తెచ్చిస్తాడు, డీజిలు ఎట్లా మిగులుతోందని డిపోలో చీవాట్లు కూడా తింటాడు.

ఆ పొద్దున ముత్యాలు పక్కింటి భీమక్కను పొగాకు బుట్టతో సహా పిలుచుకొచ్చి తన వసారాలో కూర్చోబెట్టింది. దుబాయ్‌లో ముత్యాలు మొగుడు పగిడయ్య కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డాడు. ఇక చేసేదేం లేదు, ఇంటికి పంపిస్తున్నామన్నారు డాక్టర్లు. ఇంటిదాకా ప్రాణం నిలుస్తుందని మాత్రం అనలేదు.

మరిది రవీందర్ లెక్క చెప్పాడు. "విమానం నాలుగు గంటలే వదినె. శంషాబాద్‌ల దిగినంక ఇక్కడికి ఎనిమిది."

"సముద్రానికి నాలుగు, సూర్యాపేట రోడ్డుకు ఎనిమిదా? మన గుంతలే లోతున్నయేమో," అంది భీమక్క.

ముత్యాలు నవ్వలేదు. "చిన్నది చుట్టు అత్తా. జల్దీ రావాలె. ఒక్క మాట మాట్లాడితే సాలు."

భీమక్క ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానుకుంది. చిటికెన వేలంత చుట్ట చుట్టి, పగిడయ్య పేరు చెప్పి వెలిగించింది.

చుట్ట సగానికి రాగానే దడి బయట అంబులెన్సు ఆగింది. దుప్పటికి ఇంకా విమానం చలి పోలేదు. నలుగురు అతన్ని నులకమంచం మీదికి మార్చి ఎత్తుకున్నారు.

పగిడయ్య కళ్ళు తెరిచాడు. "గప్పుడే వచ్చిన్నా? విమానంల బువ్వ పెడుతుండ్రు ముత్యాలూ. బువ్వ బండి నా దాక రాకముందే దించిండ్రు."

ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. వసారాలో భీమక్క వేళ్ళ మధ్య చుట్ట గోరంత మిగిలింది. పగిడయ్య గొంతు కూడా అంతకంతకూ సన్నబడుతోంది.

"ఇదే చెప్దామనుకున్న బిడ్డా," అంది భీమక్క. "నా చుట్ట పయనాన్ని కాస్తది. ఇల్లు జేరినంక నా చేతుల లేదు. పొడుగుది అడిగితే ఇంకింత సేపు దారిలనన్న ఉండేటోడు."

దడి నుంచి వసారాకు నాలుగు అంగలు కూడా లేదు. ముత్యాలు ఉరికొచ్చి పొగాకు బుట్ట మొత్తం గుమ్మరించుకుంది. ఎన్నడూ చుట్ట ముట్టని చేతులతో ఆకు మీద ఆకు పేర్చి మోచేతి పొడవున చుట్టింది.

"ఏ దారికి?" అంది భీమక్క.

"దడి కాడి నుంచి వసారకు."

భీమక్క దాన్ని ఆరబోతున్న చుట్ట పీకతో అంటించి, పగిడయ్య పేరు చెప్పి, దగ్గింది.

మంచం కదిలింది. నలుగురూ నడుస్తున్నారు. వసారా ఎదురుగానే ఉంది, దగ్గరవట్లేదు. ముత్యాలు మంచం పట్టె పట్టుకుని పక్కనే నడుస్తోంటే, పగిడయ్య విమానం కిటికీలోంచి చూసిన మబ్బుల సంగతి చెప్తున్నాడు. సముద్రం దాటేంత సేపు గడిచింది. శంషాబాద్ రోడ్డంత సేపూ గడిచింది.

"వదినె, భుజాలు పోతున్నయ్," అన్నాడు ముందు కోడు మోస్తున్న రవీందర్.

"అటు భుజానికి మార్చుకో," అంది ముత్యాలు. చుట్ట ఎంత మిగిలిందో చూడకుండా ఆమె మొగుడి మొహమే చూస్తూ నడిచింది.