పంపాపతి సామాను కప్పగల్లు చేరిన విధం

పంపాపతిని ఎవరూ మోసం చేయలేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, పంపాపతే అనేవాడు. వంకాయలు కొన్నా వాషింగ్ మిషన్ కొన్నా ఒకచోట ధర అడిగి, ఇంకోచోట బేరమాడి, మరోచోట కొనేవాడు. తెలిసినవాళ్ళు తనకు చెప్పకుండా ఏదైనా కొంటే "నన్నొక మాట అడగకూడదా?" అని నొచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ సంగతులు తలుచుకుని తనే నవ్వుకుంటాడు. "నన్ను ఇంకొకరు మోసం చేయాల్సిన పనేముందప్పా? ఆ పని నేనే చేసుకుంటి" అంటాడు.

విశాఖపట్నంలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాక అతనికి బళ్ళారి దగ్గరి కుడతిని కరెంటు ప్లాంటులో పని దొరికింది. భార్య కావేరి పుట్టిల్లు బళ్ళారి పక్కనే ఉన్న కప్పగల్లు. అత్త అంజినమ్మ ఉండే వీధిలోనే ఒక ఇల్లు అద్దెకు కుదిరింది. ఇక మిగిలింది సామాను తరలించడం.

కావేరి తమ్ముడు హులిగప్పకు తారానగర్‌లో సొంత లారీ ఉంది. గనుల నుంచి ఇనుపరాయి తోలుతాడు. సంగతి తెలియగానే అక్కకు ఫోన్ చేశాడు. "నేనొచ్చి ఏసుకొస్తా కదక్కా. బావను ఊ అనమను, సాలు."

పంపాపతి ఊ అనలేదు. "మన సోఫాకు ఆ ఎర్రమట్టి అంటితే ఈ జన్మకు వదలదు. ఇది ప్రొఫెషనల్స్ చేసే పని కావేరీ" అన్నాడు.

అసలు కారణం మట్టి కాదు. పెళ్ళైన కొత్తలో కప్పగల్లు వదిలి వెళ్ళేటప్పుడు వాళ్ళ సామానంతా ఒక ఆటోలో పట్టింది. ఇప్పుడు తిరిగి వస్తున్నప్పుడు, పక్కల మీద కంపెనీ పేరు రాసిన పెద్ద మూతబండి ఆ వీధి మలుపులో తిరగలేక తిరుగుతుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని చూడాలి. ఈ ముచ్చట కావేరికి కూడా చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప ముచ్చట కాదని అతనికీ తెలుసు.

ఇంటర్నెట్‌లో వెతికి మూడు కంపెనీలను పట్టాడు. మొదటి కంపెనీ చెప్పిన ధరను రెండో కంపెనీకి చెప్పి తగ్గించాడు. రెండోది మూడోదానికి చెప్పి ఇంకా తగ్గించాడు. చివరికి మొదటి కంపెనీకే ఫోన్ చేసి, ఇంకొకరు ఇంతకే చేస్తామంటున్నారని బెదిరించాడు. 'నిశ్చింత మూవర్స్' అనే ఆ కంపెనీ తరఫున మాట్లాడిన సురేష్ నిట్టూర్చాడు.

"మీతో గెలవలేం సార్. మీరు బిజినెస్‌లో ఉండాల్సినవారు."

ఆ ఒక్క మాటకు పంపాపతి కరిగిపోయాడు. రాత్రి అన్నం తింటూ ఆ మాట కావేరికి ఒకసారి, కూతురు అంబికకు ఒకసారి చెప్పాడు.

ప్యాకింగ్ రోజున అతని తెలివి ఇంకో మెట్టు ఎక్కింది. పెట్టెల మీద లోపల ఏముందో రాయడం దొంగలను పిలిచి చూపించడమేనని అతని సిద్ధాంతం. అందుకే టీవీ పెట్టె మీద 'పాత చెప్పులు' అని రాశాడు. కావేరి పట్టుచీరల పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'ఎలుకల మందు, జాగ్రత్త' అని రాశాడు. మంచి గిన్నెలు 'చిత్తు కాగితాలు' అయ్యాయి.

"యాడ ఏముందో మనకెట్ల తెలుస్తాది?" అంది కావేరి.

"నాకు గుర్తుంటాది" అన్నాడు పంపాపతి.

బండి అలా కదిలిందో లేదో, సురేష్ కంపెనీకి అయిదు నక్షత్రాలు ఇవ్వమని మెసేజ్ పెట్టాడు. పంపాపతి నక్షత్రాలతో ఆగలేదు. 'నమ్మకానికి మారుపేరు' అని మొదలుపెట్టి ఒక పేరా రాశాడు. సామాను ఇంకా విశాఖ పొలిమేర కూడా దాటలేదు.

రైల్లో వచ్చి ముగ్గురూ కప్పగల్లు ఇంట్లో దిగారు. సామాను రేపు వస్తుందన్నారు. ఆ రేపు ఒక వారం నడిచింది. సురేష్ మొదట్లో ఫోన్ ఎత్తి బండి కర్నూలు దగ్గర ఉందన్నాడు, తర్వాత హైదరాబాద్ గోడౌన్‌లో ఉందన్నాడు. కర్నూలు దాటిన బండి మళ్ళీ హైదరాబాద్ ఎందుకు పోయిందని అడిగితే సిగ్నల్ లేదని పెట్టేశాడు. అంజినమ్మ ఇచ్చిన చాపల మీద పడుకుని, అంజినమ్మ పంపిన రొట్టెలు తింటూ, పంపాపతి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆనుకోవడానికి ఆ ఇంట్లో గోడలే ఉన్నాయి.

"బండి యాడుందంట అల్లుడా?" అని అంజినమ్మ రోజూ అడిగేది.

"వస్తాండాది అత్తా."

"రానీ రానీ. నిదానంగా రానీ" అనేది ఆమె. ఆమె ఓదారుస్తోందో ఎగతాళి చేస్తోందో అతనికి చివరిదాకా తెలియలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బండి వచ్చింది. పక్కల మీద పేరూ లేదు, పైన మూతా లేదు. టార్పాలిన్ కప్పిన ఒక చిన్న లారీ. డ్రైవరుకు ఇంకెక్కడికో పోవాలని తొందర. "బేగ సార్, బేగ" అంటూ అట్టలు చుట్టిన పెద్ద సామానూ పెట్టెలూ అన్నీ వరండాలో దించేశాడు. అరుగుల మీద జనం చూస్తున్నారు. పంపాపతి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్క పెట్టెనూ వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.

"విప్పి చూడప్పా" అంది కావేరి.

"తట్టి చూస్తే తెలుస్తాది" అన్నాడతను. డ్రైవరు పంపాపతి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగాడు. చెప్పాడు. లారీ వెళ్ళిపోయింది.

మొదటి పెట్టెలో ఆవకాయ జాడీ ఉంది. ప్యాకింగ్‌లో పక్కింటివాళ్ళది కలిసిపోయి ఉంటుందనుకున్నాడు. రెండో పెట్టె మీద 'పుస్తకాలు' అని ఉంది, లోపల నిజంగానే పుస్తకాలు ఉన్నాయి. అలా నిజం రాసిన పెట్టె తనది కాదని అప్పుడే తెలుసుకోవాల్సింది. పొడవాటి పెట్టె విప్పిన అంబిక అరిచింది.

"నాన్నా, మనకు వీణ ఎప్పుడుండె?"

పంపాపతి నోరు తెరిచేలోగా అంజినమ్మ ఇంకో పెట్టెలోంచి చందనం దండ వేసిన పెద్ద ఫోటో పైకి తీసింది. తలపాగా, గుబురు మీసాలు.

"ఈ పెద్దాయప్ప ఎవరప్పా? మీ నాయన కాదు గదా?"

"కాదత్తా."

"మా ఆయన కూడా కాదు" అంది అంజినమ్మ నిర్ధారణగా, ఫోటోను జాగ్రత్తగా గోడకు ఆనించి.

పంపాపతి వీధిలోకి వచ్చి సురేష్‌కు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. కోపంతో అతనికి ఒక ఉపాయం తట్టింది. మూడో కంపెనీ ఉంది కదా. ఎక్కువ ఇచ్చినా సరే, వాళ్ళతోనే తన సామాను వెతికించి తెప్పించి నిశ్చింతవాళ్ళకు బుద్ధి చెప్పాలి. నంబరు నొక్కాడు. అవతల వెంటనే ఎత్తారు.

"నమస్తే సార్, చెప్పండి."

"నేను పంపాపతి, కప్పగల్లు నుంచి. మీరు చెప్పిన ధరకు ఒప్పుకోకుండా తప్పు చేశానండీ..."

అవతలి గొంతు నెమ్మదించింది. "పంపాపతి గారా... సార్, ఒక్క నిమిషం. ఇప్పుడు మీరు చేసింది ఏ కంపెనీ నంబరుకు సార్?"

అది సురేష్ గొంతు.

పంపాపతి ఫోన్ పెట్టేశాడు. మూడు కంపెనీలను ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పి ఆడించానని అతను మురిసిన నాలుగు రోజులూ, ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని మూడు ఫోన్లు మార్చి ఎత్తాడన్నమాట. మీతో గెలవలేం సార్ అన్నాడు. పంపాపతి లోపలికొచ్చి కావేరికి చెప్పాడు. కావేరి కోప్పడుతుందనుకున్నాడు. ఆమె అతని ముఖం చూసి, ఆ ఆవకాయ జాడీ పట్టుకుని కింద కూర్చుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతనికి మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆ సంభాషణ తలలో మళ్ళీ తిరిగింది. 'ఏ కంపెనీ నంబరుకు సార్?' ఇక తనూ ఆపుకోలేకపోయాడు.

నవ్వు తగ్గాక అతను వినియోగదారుల కోర్టుకు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. అతను మొదటి వాక్యం దిద్దుతుండగానే కావేరి ఆ పెట్టెల్లో వచ్చిన స్టీలు గుండిగలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఒకదాని అంచు మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: 'సరోజినీదేవికి, గృహప్రవేశానికి, సీతానగరం క్యాంపు'.

"క్యాంపువాళ్ళదప్పా ఈ సామాను!" అంది.

తుంగభద్ర కాలవ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న రైతుల ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. ఆ క్యాంపు కప్పగల్లు నుంచి బస్సులో పోయేంత దగ్గరే. కావేరి తమ్ముడికి ఫోన్ చేసింది. హులిగప్పకు ఆ వైపు రైసుమిల్లులో తెలిసినవాళ్ళున్నారు. అతను అటు అడిగి ఇటు అడిగి సాయంత్రంలోగా సరోజినీదేవి నంబరు పట్టాడు.

"మా వీణ మీ దగ్గరుందా అమ్మా!" అంది అవతల ఆవిడ. "మా సామానుకు బదులు దిగిన సోఫా మీదేనన్నమాట, మా దగ్గరే ఉందండి. రండి తల్లీ, వెంటనే రండి."

ఇక బండి కావాలి. పంపాపతి గొంతు సవరించుకుని బావమరిదికి తనే ఫోన్ చేశాడు.

"హులిగప్పా, నీ లారీ రేపు ఖాళీగా ఉంటాదా?"

"ఉంటాది బావా. అయితే మట్టి ఉంటాది" అన్నాడు హులిగప్ప.

"ఉండనీలేప్పా. మనిషిని, మట్టి అంటితే కడుక్కుంటా."

మరుసటి ఉదయం హులిగప్ప లారీని నీళ్ళు కొట్టి కడిగి, అడుగున వరిగడ్డి మందంగా పరిచి తెచ్చాడు. వీణను అంబిక ఒళ్ళో పెట్టుకుంది. పెద్దాయన ఫోటోను అంజినమ్మ తన ఒళ్ళో పెట్టుకుంది, తనూ రావాల్సిందేనని పట్టుబట్టి. కేబిన్లో చోటు లేక పంపాపతి వెనక గడ్డి మీద కూర్చున్నాడు.

క్యాంపులో సరోజినీదేవి భర్త శ్రీమన్నారాయణ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కాకినాడలో బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరై, వ్యవసాయం చేద్దామని క్యాంపులో ఉన్న సొంత ఇంటికి వచ్చిన మనిషి. పంపాపతి భుజం మీది గడ్డి దులిపి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీరు ఎన్ని కంపెనీల దగ్గర రేటు కనుక్కున్నారండీ?"

"మూడు."

"నేనూ మూడేనండి. మీతో గెలవలేం సార్ అన్నాడు."

"నాకూ అదే చెప్పె!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాంకులో జనానికి అప్పులిచ్చే మనిషే పడ్డాడంటే తను పడడంలో వింతేముందని పంపాపతికి ఒక క్షణం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎక్కువసేపు నిలవలేదు.

"అమ్మా, ఏమీ అనుకోకండి" అంది సరోజినీదేవి కావేరితో. "అన్నీ ఇంట్లోనే పెట్టించానండి, ఒక్క ఆ చెప్పులు తప్ప. ఇంట్లో ఎవరివో పాత చెప్పులు ఎందుకని పశువుల కొట్టంలో పెట్టించాను."

పశువుల కొట్టంలో టీవీ పెట్టె మీద ఒక కోడి కూర్చుని ఉంది. వాళ్ళను చూసి లేవలేదు. పెట్టె అడుగు భాగం దూడ నాకి నాకి మెత్తబడిపోయింది.

"ఇంకొకటండి, ఆ ఎలుకల మందు," అంది సరోజినీదేవి కాస్త బెదురుగా. "అంత పెద్ద పెట్టెడు మందు చూసి భయమేసిందమ్మా. మోటారు షెడ్డుకు పంపించేశాను. మీకేమైనా మందుల దుకాణముందా?"

కావేరి పంపాపతి వైపు తిరిగి చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆమె అతన్ని అంతసేపు చూడలేదు.

"నేనే తెస్తా" అని అతను పొలం గట్టు మీద పరుగెత్తాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొస్తుంటే గట్టు జారి మోకాలిదాకా మడిలో దిగబడ్డాడు గాని, పెట్టెను మాత్రం వంచలేదు. విప్పితే చీరలన్నీ బాగానే ఉన్నాయి, డీజిల్ వాసన తప్ప. పెళ్ళిచీరను కావేరి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "సాకు బిడు, ఇంక వదిలేయ్. ఉతికితే పోతాది" అంది. అది క్షమించడం కాదని, వాయిదా అని అతనికి అర్థమైంది.

టీవీ మాత్రం మళ్ళీ పలకలేదు.

సరోజినీదేవి భోజనం పెట్టకుండా పంపనంది. అన్నం వడ్డిస్తూ, ఈ వారమంతా కావేరి మిక్సీలోనే పచ్చళ్ళు నూరుకున్నానని ఒప్పుకుంది. "మాదీ అదే కతమ్మా" అంది కావేరి. "మీ ఆవకాయ జాడీ నిన్న విప్పితిమి. పొద్దున్నకే మా అమ్మ సగం చేసింది."

"నువ్వు తినలేదా ఏంది?" అంది అంజినమ్మ. ఆ మాటకు రెండు కుటుంబాలూ నవ్వాయి. సరోజినీదేవి లోపలికెళ్ళి ఆ జాడీని తెచ్చి అంజినమ్మ పక్కన పెట్టింది.

చీకటి పడకముందే హులిగప్ప లారీ కప్పగల్లు వీధి మలుపు తిరిగింది. పైన సోఫా, సోఫా మీద పంపాపతి, కాళ్ళకు ఎండిన బురద, పక్కన ఫ్రిజ్జును తాడుతో పట్టుకుని. అరుగుల మీదివాళ్ళు కాళ్ళు ముడుచుకోలేదు, లేచి వచ్చి సామాను దించడానికి చేతులేశారు. ఏమైందని అడిగితే పంపాపతి మొదటినుంచీ చెప్పాడు, మూడు ఫోన్ల దగ్గర సురేష్ గొంతుతోనే మాట్లాడి చూపించాడు. కోడి దగ్గరికి వచ్చేసరికి హులిగప్ప నవ్వు ఆపుకోలేక సోఫాను కింద దించేశాడు.

సామానంతా లోపలికి చేరాక ఇద్దరూ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"లారీలో తెస్తానంటే అప్పుడే ఎందుకు వద్దంటివి బావా?" అన్నాడు హులిగప్ప.

పంపాపతి ఆటో సంగతీ మూతబండి సంగతీ చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది. హులిగప్ప నవ్వలేదు. తువ్వాలు తీసి బావ చేతికిచ్చాడు.

"ఆ ఆటోలో నేనూ ఉంటి బావా, మీ బిందె పట్టుకోని. చిన్నోణ్ణి. స్టేషన్ దాకా వస్తి" అన్నాడు. "నువ్వు చూడలేదేమో."

పంపాపతి నిజంగానే చూడలేదు. ఆ రోజు ఎవరు చూస్తున్నారోనని వీధివైపే చూస్తూ కూర్చున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "రాప్పా, తిందాం" అని బావమరిదిని లోపలికి తీసుకుపోయాడు.