పరగడుపు ప్రయాణాలు

“మూడేళ్ళబట్టి పరగడుపునే వెళ్తున్నాం. ఇవాళ కొత్తగా ఇడ్లీలేంటి?” అన్నాడు హరిబాబు, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.

“తినే రమ్మన్నారండి. ఫోన్లో అడిగి మరీ కనుక్కున్నాను,” అంది లక్ష్మీదుర్గ.

“ఎవరన్నారు, డాక్టరు గారా?”

“అపాయింట్‌మెంట్లు రాసే అమ్మాయి. డాక్టరు గారిని అడిగే చెప్పింది.”

“చీటీలు రాసే పిల్ల మాట పట్టుకుని మా అమ్మ చేత టిఫిన్ తినిపించేస్తావా?”

వాళ్ళిద్దరి మధ్యా కంచం ముందు కూర్చున్న వీరాయమ్మ కొడుకు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూస్తోంది. పావుగంట నుంచీ ఇదే గొడవ. ఇడ్లీలు చల్లారిపోయాయి.

హరిబాబుకి తల్లంటే ప్రాణం. మూడు నెలలకోసారి అమలాపురం తీసుకెళ్ళి ఆవిడకి బీపీ చూపించే పని ఎవరికీ వదలడు. చీకటుండగానే లేపేవాడు. ఆరున్నరకల్లా ఆస్పత్రి గుమ్మం ముందుండి, పుస్తకంలో మొదటి పేరు రాయించేవాడు. “మాదే ఫస్టు నంబరు” అని ఊళ్ళో చెప్పుకునేవాడు కూడా. డాక్టరమ్మ వచ్చేది మాత్రం పదింటికి. మొట్టమొదటిసారి వెళ్ళినప్పుడు రక్తపరీక్ష ఉందని ఏమీ తినకుండా రమ్మన్నారు. అప్పట్నించీ డాక్టరు దగ్గరికంటే పరగడుపే అన్నది ఇంట్లో స్థిరపడిపోయింది. ఖాళీ కడుపున మాత్ర పడదని ఆ పూట మాత్ర కూడా మానేసేది వీరాయమ్మ, గుడికి మడితో వెళ్ళినంత నిష్ఠగా.

వెళ్ళిన ప్రతిసారీ బీపీ నూట డెబ్భై దాటే ఉండేది. ప్రతిసారీ మాత్ర పెంచేవారు. ఇంటికొచ్చి ఆ పెంచిన మాత్రలు వేళ తప్పకుండా వేసుకునేది. అవి వేసుకున్నాక కళ్ళు తిరిగేవి. కిందటి నెల పెరట్లో అంట్లు తోముతూ లేవబోయి పడిపోయింది. నుదుటి మీద మూడు కుట్లు.

దాంతో హరిబాబు చెల్లెలు నాగదుర్గ సఖినేటిపల్లి నుంచి వచ్చి పట్టుబట్టింది. “అన్నయ్య కొబ్బరికాయల లోడు వెంట తిరుగుతాడు. వదిన కుట్టు మిషను వదలదు. అమ్మని కనిపెట్టుకుని ఉండేదెవరు? నాతో తీసుకుపోతాను.” మస్కట్‌లో ఉన్న చిన్నకొడుకు విజయకుమార్ కూడా అదే మంచిదన్నాడు. ఇవాళ డాక్టరమ్మ ఏ సంగతీ తేల్చకపోతే సాయంత్రమే ప్రయాణం. నాగదుర్గ అప్పుడే తల్లి చీరలు నాలుగు మడతపెట్టి సంచీలో సర్దింది.

వీరాయమ్మ కాదనలేదు, ఔననలేదు. కానీ అల్లుడి ఎదురుగా మంచం మీద కూర్చోవడానికి కూడా మొహమాటపడే మనిషి. నలభై అయిదేళ్ళు తన చేత్తో పొయ్యి ముట్టించిన ఇల్లు వదిలి వెళ్ళడమంటే ఆవిడకి ఎలా ఉంటుందో కోడలు లక్ష్మీదుర్గకి చెప్పక్కర్లేదు.

అందుకే దుర్గ పది రోజులుగా ఒక పని చేసింది. రోజూ మాత్ర వేసుకున్న రెండు గంటలకి అత్తగారిని ఊళ్ళో సబ్‌సెంటర్‌కి నడిపించుకెళ్ళి, అక్కడి నర్సు అమ్ములు చేత బీపీ చూపించింది. ఒక్కరోజూ నూట పది దాటలేదు. ఇక్కడ ఇంత తక్కువా, అమలాపురంలో అంత ఎక్కువా? ఆ అనుమానం మీదే నిన్న సాయంత్రం ఏడింటికి ఆస్పత్రి లైను కలిసేదాకా ఇరవై మూడుసార్లు ఫోన్ చేసింది. టైము ఒక్కటే తీసుకుని పెట్టేయలేదు. ఏ వేళకొస్తే రద్దీ తక్కువ, తిని రావాలా, మాత్ర వేసుకుని రావాలా, పాత చీటీలన్నీ తేవాలా అని అన్నీ అడిగింది. “బీపీ చూడ్డానికి పస్తెందుకండీ, రోజూ ఎలా ఉంటారో అలాగే తీసుకురండి” అంది ఆ అమ్మాయి, డాక్టరమ్మని అడిగొచ్చి.

“అత్తయ్యగారూ, కళ్ళు తిరిగేది మీకు,” అంది దుర్గ చివరికి. “తినాలో వద్దో మీరే చెప్పండి.”

వీరాయమ్మ కొడుకు వైపు తిరిగింది. “నాన్నా హరీ, మూడేళ్ళు నీ మాటే విన్నాను కదా. ఈ ఒక్కరోజూ తిననియ్యిరా. ఆకలేస్తోంది.”

హరిబాబు కంచం తల్లి ముందుకి జరిపాడు. ఇడ్లీలు అయ్యాయి, మాత్ర అయింది.

బోడసకుర్రు వంతెన దాటి ఆస్పత్రికి చేరేసరికి పదకొండు. వాళ్ళ టైము పదకొండుంబావు. బెంచీ మీద కూర్చుని పట్టుమని పది నిమిషాలు కాకుండానే పేరు పిలిచేసరికి హరిబాబు తెల్లబోయాడు. “అప్పుడేనా? వీళ్ళు సరిగ్గా చూస్తారంటావా?”

గుమ్మం దగ్గర అటెండరు అడ్డు చెయ్యి పెట్టాడు. “పేషెంటుతో ఒక్కరేనండి.”

హరిబాబు అలవాటు ప్రకారం ముందుకి అడుగేశాడు. వీరాయమ్మ అతని చేతిలోని ఫైలు మెల్లిగా తీసుకుంది. “అమ్మాయి వస్తుందిలే నాన్నా. నువ్వు కూర్చో.”

లోపల డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ అడిగింది. “మాత్రలు వేసుకుంటున్నారా?”

“ఆయ్.”

“ఉప్పు తగ్గించారా?”

“ఆయ్.”

“బాగానే ఉంటోందా?”

“ఆయ్ అండి.”

దుర్గకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అన్నిటికీ ఔననడమేనా ఇన్నాళ్ళూ ఈ గదిలో జరిగింది! తనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ తరఫున ఆయన చెప్పారు, ఇప్పుడు తను చెబితే తేడా ఏముంది? అత్తగారి మోచేతి మీద చెయ్యి వేసింది. “పడిపోయిన సంగతి చెప్పండి అత్తయ్యగారూ. మొదట్నించీ చెప్పండి. ఇది మన టైమే.”

వీరాయమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తర్వాత చెప్పింది, పక్కింటావిడతో చెప్పినంత వివరంగా. పరగడుపు ప్రయాణాలు, మానేసిన మాత్రలు, లేచి నిలబడితే చీకట్లు కమ్మడం, పెరట్లో పడడం. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని, కొడుకు ముందు ఇన్నాళ్ళూ చెప్పలేకపోయిన సంగతి కూడా గొంతు తగ్గించి చెప్పింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “నేను అడిగినప్పుడల్లా మాత్ర వేసుకొచ్చానన్నారు కదండీ?”

“తమరంతటివారు అడుగుతుంటే లేదని ఎలా అంటానండి? బాగోదు కదండీ,” అంది వీరాయమ్మ.

డాక్టరమ్మ తల పట్టుకుని నవ్వేసింది. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. “కూర్చుంటే నూట పది. నిలబడితే తొంభై. కళ్ళు తిరక్క ఏమవుతాయమ్మా? మాత్ర మానేసి పస్తుతో వచ్చిన రోజు బీపీ చూసి, మిగతా రోజులకి నేను మందు పెంచుకుంటూ పోయాను.”

దుర్గ తన కొలతల పుస్తకం అందించింది. ఒకవైపు జాకెట్టు కొలతలు, రెండోవైపు పది రోజుల బీపీ, మాత్ర వేసుకున్న వేళ, కళ్ళు తిరిగిన వేళ. డాక్టరమ్మ వరసగా చదివింది.

“ఎవరు రాశారిది?”

“మా కోడలండి,” అంది వీరాయమ్మ. ఆయ్ అనడానికి తప్ప పైకి లేవని గొంతు ఈసారి బయట బెంచీ దాకా వినిపించింది. “టైలరండి. కొలత తప్పదు.”

రెండు మాత్రల్లో ఒకటి ఆపేసి, రెండోది తగ్గించి, పదిహేను రోజులు ఇలాగే రాసుకుని రమ్మంది డాక్టరమ్మ. రాత్రి లేవడానికి ఒక పరీక్ష రాసింది. దానికీ పస్తుండక్కర్లేదని వీరాయమ్మే అడిగి తెలుసుకుంది.

బయటికొచ్చాక హరిబాబు అంతా విన్నాడు. కారు దగ్గరికొచ్చాక, “అయితే ఇన్నాళ్ళూ నేనే...” అన్నాడు.

“నీ తప్పేముందిరా? నేను మాత్రం నోరు విప్పేనా?” అంది వీరాయమ్మ.

పది రోజులు గడిచేసరికి వీరాయమ్మ గోడ పట్టుకోకుండా పెరడంతా తిరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు తల్లి లేకుండానే వెళ్ళిపోయిన నాగదుర్గ ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. అందరూ భోజనాలకి కూర్చున్నారు. మంచినీళ్ళ చెంబుకి ఆనించిన ఫోన్లో విజయకుమార్ కూడా ఉన్నాడు. “ఇప్పుడు తగ్గింది సరే, మళ్ళీ వస్తే? సంచీ విప్పలేదు నేను,” అంటోంది నాగదుర్గ. “మాట వినమ్మా,” అంటున్నాడు ఫోన్లోంచి తమ్ముడు.

వీరాయమ్మ పెరుగన్నం కలుపుతూ, తలెత్తకుండానే చెప్పింది.

“ఆ సంచీ విప్పెయ్యి నాగా. నేను ఈ ఇంట్లోనే ఉంటాను. డాక్టరు దగ్గరికి టైము దుర్గ తీసుకుంటుంది, కారు హరి నడుపుతాడు. లోపల మాట్లాడేది మాత్రం నేను.”