బొమ్మను దింపిన గొడుగు

నేను ఒక గొడుగును. వానకు పట్టేది కాదు. ఆకాశం నుంచి పడే గదిని మెల్లగా కిందికి దించే గొడుగును. కాగితాల్లో నన్ను పారాచూట్ అంటారు. రాకెట్ మీద మనిషిని పంపాలని తొలి ప్రయత్నాలు జరుగుతున్న రోజుల్లో పుట్టాను. ముందే మనిషిని ఎక్కించరు. మనిషంత బరువున్న బొమ్మను గదిలాంటి పెట్టెలో కూర్చోబెట్టి, రాకెట్‌తో పైకి పంపి, క్షేమంగా దిగుతుందో లేదో చూస్తారు. దించే పని నాది.

నా ఒళ్లు నారింజ, తెలుపు నైలాన్ గుడ్డ. కుట్టింది సూళ్లూరుపేట పెంచలమ్మ. అంతకుముందు పదిహేనేళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఇద్దరు పిల్లల చదువు దాని మీదే నడిచేది. నన్ను మడిచి సంచిలోకి ఎక్కించడానికి ఆమెతో కలిపి ఆరుగురికి మూడు రోజులు పట్టింది. మా హాల్లోకి వచ్చేవాళ్లు గాజులు, ఉంగరాలు, మెట్టెలు, చివరికి పిన్నీసు కూడా గుమ్మం దగ్గర డబ్బాలో వేసి రావాలి. గుడ్డకు చిన్న గీత పడినా పైన గాలి దెబ్బకు అది నిలువునా చీలిపోతుంది.

మూడో రోజు, ఆఖరి మడతకు ముందు, పెంచలమ్మ నా తాళ్లలో ఒకదానికి కంకణం కట్టింది. పసుపు దారం, దానికో పసుపు కొమ్ము. మొదటిసారి దూరం బయల్దేరే ఎవరికైనా వాళ్లింట్లో అలాగే కడతారట. నాకు ముచ్చటేసింది. ఆమె సంచి మూసి, సీలు వేసి, సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర గాజులు తీస్తూ ఆగిపోయింది. ఎండిన పసుపు కొమ్ము రాయిలా ఉంటుంది, కొస మొనదేలి ఉంటుంది. తనతోపాటు మడతలు వేసే సుగుణతో సంగతి చెప్పింది.

"నోరు మూసుకోని ఉండమ్మే," అంది సుగుణ. "యాడ తెరిచి చూస్తారు? లోపలుండేది బొమ్మే గదా. చెప్పినావంటే నీ ఉద్యోగం పోద్ది."

"బొమ్మ సరిగ్గా దిగితేనే గదక్కా, మనిషిని ఎక్కిచ్చేది?"

నేరుగా ఇంజనీరు చెంగల్రాయుడు గారి ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, నేనొక తప్పు చేసినాను. గొడుగులో కొమ్ము ఉండాది."

"ఏం కొమ్ము?"

"పసుపు కొమ్ము సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏందమ్మా, అది పారాచూటా, పెళ్లికూతురా? ప్రయోగం రేపు పెట్టుకోని!"

తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ 'రేపు' ఏ గంటకో పంచాంగం చూసి ఖాయం చేసింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. మనుషులు ఒక జేబులో శాస్త్రాన్ని, ఇంకో జేబులో పంచాంగాన్ని పెట్టుకుని తిరుగుతారు.

తిట్లు అయిపోయాక కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేదే కాదు," అన్నారు చివరికి. ఫోనెత్తి ప్రయోగాన్ని ఐదు రోజులు వాయిదా వేయించారు. "విప్పేది నువ్వే, మళ్లీ మడిచేదీ నువ్వే. పో."

సీలు తెంచి విప్పారు. కొమ్ము ఒత్తుకున్న చోట గోరంత చిరుగు. అది చూసి సుగుణే వెళ్లి దారపు ఉండ తెచ్చి పెంచలమ్మ చేతిలో పెట్టింది.

ప్రయోగం రోజు నన్ను ఆకాశంలోకి లాగినప్పుడు గాలి ఒక్కసారిగా గుద్దింది. చిరుగు కుట్టిన చోట కూడా ఒక్క పోగు తెగలేదు. బొమ్మను సముద్రం మీద మెల్లగా దించాను. ఒడ్డున అందరూ చప్పట్లు కొడుతుంటే పెంచలమ్మ చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చిందని తర్వాత విన్నాను.

ఉప్పునీళ్లు తాగిన గుడ్డను మళ్లీ ఎగరనివ్వరు. నాలో సగాన్ని పరీక్షలకు కోశారు. మిగతా సగం కొత్తవాళ్లు మడతలు నేర్చుకునే బల్ల మీద ఉంది. పక్క బల్ల మీద నా చెల్లెలిని మడుస్తున్నారు. దాని కింద వేలాడబోయేది బొమ్మ కాదు, మనిషి.

నిన్న ఆ మనిషే చూడటానికి వచ్చాడు. గడియారం తీసి డబ్బాలో వేసి, లోపలికొచ్చి, "ఇది తెరుచుకుంటుందా అమ్మా?" అని అడిగాడు.

పెంచలమ్మ తల ఎత్తలేదు. "ఇంకా రెండు మడతలుండాయి నాయనా. అయినాక చెప్తా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.